అడవిలో క్రూరమృగాల బారిన పడకుండా ఎలా తిరగాలి?

అడవి జంతువు మన కోసం కాచుకుని కూర్చోదు. మనిషి వాసన తగిలితేనో, అలికిడి వినిపిస్తేనో చాలావరకు అదే తప్పుకుంటుంది. దానికి తెలియకుండా మనం మీదిదాకా వెళ్లిపోవడమే అసలు ప్రమాదం. అందుకే అది కనిపించకముందు తీసుకునే జాగ్రత్తలే ఎక్కువ అక్కరకొస్తాయి.

1. అలికిడి చేస్తూ నడవండి

ఒంటరిగా వెళ్లొద్దు. గుంపుగా వెళ్లినా ఒకరికొకరు దూరం కావద్దు. మలుపులు, చిక్కటి పొదలు, హోరుమనే వాగులు వచ్చినప్పుడు, ఎదురుగాలి వీస్తున్నప్పుడు మీరొస్తున్న సంగతి జంతువుకు తెలియదు. అలాంటి చోట గట్టిగా మాట్లాడండి, చప్పట్లు కొట్టండి. బ్యాగుకు కట్టుకునే చిన్న గంటలను నేనైతే నమ్మను. ఆ చప్పుడు ఎంతో దూరం పోదు. ఇయర్‌ఫోన్లు సంచిలోనే ఉండనివ్వండి.

దారిలో కళేబరం కనిపించినా, ఒకేచోట పక్షులు ముసురుతున్నా వెనక్కి తిరగండి. దాన్ని తింటున్న జంతువు పక్క పొదలోనే ఉండొచ్చు. జంతువు పిల్ల ఒంటరిగా కనిపిస్తే తల్లి దగ్గర్లోనే ఉందని లెక్క.

2. తిండి వాసన డేరా దాకా రానివ్వకండి

వంట, భోజనం డేరాకు 100 మీటర్ల అవతల పెట్టుకోండి. తిండి సంచిని నేలకు 4 మీటర్ల ఎత్తున, చెట్టు మానుకు మీటరుకు పైగా ఎడంగా కొమ్మకు వేలాడదీయండి. టూత్‌పేస్టు, సబ్బు కూడా అందులోకే. వంట చేసిన బట్టలతో పడుకోకండి.

3. ఎదురుపడితే పరుగెత్తకండి

ఎలుగుబంటి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. చెట్టెక్కితే కొన్ని జాతులు వెంటే ఎక్కేస్తాయి. నిలబడండి, నెమ్మదిగా మాట్లాడుతూ వెనకడుగు వేయండి. అది మీదికొస్తుంటే, ఎలుగుల కోసమే తయారుచేసిన మిరప ఘాటు స్ప్రేను 9 మీటర్ల లోపుకు వచ్చినప్పుడు దాని ముఖం ముందు మేఘంలా పరుచుకునేలా కొట్టండి. డబ్బా నడుముకు ఉండాలి. బ్యాగు అడుగున ఉంటే దండగే.

ఉలిక్కిపడిన గోధుమరంగు ఎలుగు పైబడితే బోర్లా పడుకుని, వేళ్లు మెడ వెనక బిగించి, కాళ్లు ఎడం చేసి కదలకుండా ఉండండి. వీపు మీది బ్యాగు తీయొద్దు. అమెరికా నల్ల ఎలుగైతే మాత్రం తిరగబడి ముక్కు మీద కొట్టాల్సిందే. రంగు చూసి జాతి తేల్చకండి, నల్ల ఎలుగుల్లో గోధుమరంగువీ ఉంటాయి. గోధుమరంగు ఎలుగు అనే జాతికైతే భుజాల మీద మూపురం కనిపిస్తుంది.

చిరుత, ప్యూమా (అమెరికా కొండసింహం) లాంటివి ఎదురైతే వీపు చూపించకండి, వంగకండి. పిల్లలను చప్పున దగ్గరకు లాక్కోండి. చేతులెత్తి, అరిచి, పెద్దగా కనిపించండి. పైబడితే పోరాడండి.

ఏనుగు దగ్గర ఈ బెదిరింపులేవీ పనికిరావు. చెవులు విప్పి ముందుకొచ్చి ఆగిపోతే అది చాలాసార్లు బెదిరింపే. చెవులు వెనక్కి పెట్టి, తొండం ముడిచి వస్తే నిజంగానే వస్తున్నట్టు అనుకోవాలి. ఈ గుర్తులు తప్పే సందర్భాలూ ఉంటాయి కాబట్టి, చూడగానే పెద్ద బండనో, లావుపాటి మానునో అడ్డం పెట్టుకుని దూరం జరగండి.

4. పాము కాటేస్తే

కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాటుపడిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి ఆసుపత్రికి చేర్చండి. విషానికి విరుగుడు అక్కడే దొరుకుతుంది. డాక్టరుకు చూపిద్దామని పామును చంపి పట్టుకెళ్లకండి. తెగిన తల కూడా కాసేపు కాటేయగలదు.