హిలో ఉత్సవంలో దుకాణం తెరిచే ముందు

హవాయి పెద్ద దీవిలోని హిలో పట్టణంలో ఏటా ఈస్టర్ వేళ మెర్రీ మోనార్క్ హులా నృత్య ఉత్సవం జరుగుతుంది. అప్పుడు అక్కడ తిండి, చేతిపనుల దుకాణం పెట్టేవారు ఇవి చూసుకోవాలి.

• అన్నిటికన్నా ముందు వాన. హిలోలో పొద్దున ఎండ కాసిందని నమ్మకండి. గుడారం కాళ్లకు బరువులు కట్టండి. లౌహాల అనే ఆకులతో అల్లిన బుట్టలు, టోపీలు నేలమీద పెట్టవద్దు. తడిస్తే బూజు పడతాయి. ఈ మొగలి జాతి ఆకులు ఏరి, ముళ్లు తీసి, మెత్తబరిచి, ఓపికగా అల్లిన పని అది. ఒక్క జల్లుకు పాడైతే ప్రాణం ఉసూరుమంటుంది. కప్పడానికి పట్టా చేతికందేలా ఉంచండి.

• ఆరోగ్య శాఖ నుంచి తాత్కాలిక అనుమతి ముందే తీసుకోండి. పచ్చి చేపతో చేసే పోకే 5 డిగ్రీల సెల్సియస్ లోపు, నేలలో తవ్విన పొయ్యిలో వండే ‘కాలువా’ పంది మాంసం వేడి 57 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. చేత్తో తాకి అంచనా వేయకండి, థర్మామీటరు వాడండి.

• చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు.

• ‘హవాయిలో తయారైంది’ అని రాయాలంటే టోకు విలువలో కనీసం 51 శాతం అక్కడి తయారీతోనే చేరి ఉండాలి. బయటి సరుకుకు ఆ పేరు పెడితే పక్కనున్న అసలైన కళాకారుల పొట్ట కొట్టినట్టే.

• పండ్లు, పూలదండలు కొని అమెరికా ప్రధాన భూభాగానికి విమానంలో వెళ్లేవారికి వ్యవసాయ శాఖ తనిఖీ ఉంటుందని చెప్పండి.