రబ్బరు తాడులో ప్రతిబలం: మిల్లీమీటర్లలోనే లెక్కేయండి

రబ్బరు తాడుకు బరువు వేలాడదీసి ప్రతిబలం (బలాన్ని తాడు అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది) కనుక్కోమంటే, మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చబోయి సున్నాల దగ్గర తడబడుతుంటారు. ఆ తిప్పలేం అక్కర్లేదు. న్యూటన్లను చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే జవాబు నేరుగా మెగాపాస్కల్స్‌లో వస్తుంది.

4 మి.మీ. వ్యాసమున్న తాడుకు 2 కిలోలు కట్టారనుకోండి. బలం 2 × 9.8 = 19.6 న్యూటన్లు. అడ్డుకోత వైశాల్యం 3.14 × 2 × 2 = 12.56 చ.మి.మీ. (వ్యాసాన్ని సగం చేయడం మరవకండి!). ప్రతిబలం సుమారు 1.56 మెగాపాస్కల్స్. రెండు పేటలుగా కడితే ఇందులో సగమే.

అయితే రబ్బరు సాగేకొద్దీ సన్నబడుతుంది. ఘనపరిమాణం దాదాపు మారదు కాబట్టి పొడవు రెట్టింపైతే వైశాల్యం సగమై, అప్పుడు తాడులో నిజంగా ఉండే ప్రతిబలం 3.12 అవుతుంది. తయారీదారులిచ్చే తెగే ప్రతిబలం మాత్రం సాధారణంగా సాగకముందు వైశాల్యంతో లెక్కించిందే. దానితో పోల్చేటప్పుడు 1.56నే వాడండి.