పదికాలాలు బతికే నాటుకోడి మందను తయారు చేయడం ఎలా?

గోదావరి లంకల్లోనూ కాలువ గట్ల వెంబడి ఇళ్లలోనూ పెరటి కోళ్లకు ఏటా ఒక గండం ఉంది: కనుమ. ఆ రోజు గంప కింద నుంచి ముందుగా తీసేది నిగనిగలాడే కోడినే. ఎప్పుడూ మూలన ముడుచుకుని ఉండేది మిగిలిపోతుంది, గుడ్లు పెడుతుంది, పొదుగుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే మంద చిక్కిపోక ఏమవుతుంది? అందుకే నెలగంట పెట్టిన రోజునే మంచి కోళ్లను ఎంచి పక్కన పెట్టే పని మొదలుపెట్టండి.

ముందు తల్లిని ఎంచుకోవాలి. రెండేళ్లు దాటి, రెండు వానాకాలాలు జబ్బు పడకుండా గడిపి, ఇంకా గుడ్లు పెడుతున్న పెట్ట అయితే మేలు. దాని ఆయుష్షుకు అంతకన్నా రుజువు అక్కర్లేదు. తరచూ గురక పెట్టే పెట్ట ఎంత పెద్ద గుడ్లు పెట్టినా వద్దు. కొన్ని జబ్బులు గుడ్డులోంచే పిల్లకు చేరతాయి. కొత్త పెట్టల తొలి గుడ్లు చిన్నవి, వాటిని వండుకోండి. ఎంచిన పెట్ట కాలికి రంగు రింగు వేసి, పండక్కి కొత్త అల్లుడు వచ్చినా సరే దాని జోలికి పోమని ఇంటిల్లిపాదీ ఒట్టు పెట్టుకోండి.

ఇక పుంజు. ఎనిమిది, పది పెట్టలకు ఒకటి చాలు, కానీ అది మీ మందలో పుట్టినది కాకూడదు. దగ్గరి రక్తం కలిస్తే గుడ్లు మురుగుతాయి, పిల్లలు పీలగా పుడతాయి. పక్క ఊళ్లో బాగా బతికిన పెట్ట కొడుకును తెచ్చి, మూడు వారాలు విడిగా ఉంచి, ఆ తర్వాతే మందలో కలపండి. పందెం పుంజులు పెంచేవారు డేగ, కాకి, నెమలి అని రంగు చెప్పి ఊరుకోరు, తల్లి పెట్ట ఎవరి ఇంటిదో కూడా చెబుతారు. కత్తి కట్టడం చట్టవిరుద్ధం, ఆ సంగతి వదిలేయండి. ఆ జ్ఞాపకశక్తి మాత్రం అరువు తెచ్చుకోదగ్గదే.

గుడ్లను కడగకుండా, మొన కిందికి ఉండేలా, తడి ఇసుక మీద పెట్టిన కుండలో వారం మించకుండా దాచండి. ఒక పెట్ట కింద పది, పన్నెండు చాలు. ఏడో రాత్రి టార్చిలైటు వెలుగులో చూస్తే ఎర్రటి నరాలు కనబడాలి, కనబడనివి తీసేయండి. 21 రోజులకు పిల్లలు వస్తాయి. రోహిణి కార్తెలో మాత్రం పొదగేయకండి.

గట్టిదైతే అదే బతుకుతుందిలే అని టీకా మానేయకండి. కొక్కెర తెగులు (రాణిఖేత్) మంచీ చెడూ చూడదు, గూడంతా ఊడ్చేస్తుంది. 5 నుంచి 7 రోజుల పిల్లకు కంట్లో ఆ తెగులు రాకుండా లసోటా టీకా చుక్క, నెల నిండాక మరోసారి, 8 వారాలకు అదే తెగులుకు వేసే ఆర్‌2బి సూది వేయించాలి. ఒక టీకా సీసా చాలా కోళ్లకు వస్తుంది, కలిపాక ఎక్కువసేపు నిలవదు. నలుగురు ఇరుగుపొరుగు కలిసి పశువుల ఆసుపత్రిలో అడగండి, ఐసులో పెట్టి తెచ్చుకోండి.

మన నేల తడినేల. గూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉండాలి. అడుగున పరిచిన ఊక తడిస్తే ఆ రోజే మార్చండి, లేదంటే పిల్లలకు రక్త విరేచనాలు పట్టుకుంటాయి.

ఒక పాత నోటుపుస్తకంలో రింగు రంగు, పొదిగిన తేదీ, బతికిన పిల్లల లెక్క రాయండి. రెండేళ్లు తిరిగేసరికి అందులో ఒకే రంగు మాటిమాటికీ కనిపిస్తుంది. వచ్చేసారి గుడ్లు ఆ పెట్టవి తీయండి.