‘దిస్క్రేపో’ అనడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో సాయంత్రాలు నా దగ్గర స్పానిష్ నేర్చుకునేవారిలో మన తెలుగువాళ్లే ఎక్కువ. చాలామంది మెక్సికో, కొలంబియా క్లయింట్లతో పనిచేస్తున్నారు. ఎదుటివారి మాట తప్పనిపించినా పెద్దవారు కదా అని ‘సీ, సీ’ (అవును, అవును) అంటూ ఊరుకుంటారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే దిస్క్రెపార్, అంటే విభేదించడం అనే క్రియను పట్టుబట్టి నేర్పిస్తాను.

స్నేహితులతో అయితే ‘నో ఎస్తోయ్ దె అక్వెర్దో’, అంటే నేను ఒప్పుకోను, అంటే చాలు. ‘ఉస్తెద్’ (మీరు) అని మన్నించి మాట్లాడే చోట, ఉత్తరాల్లో, పరీక్ష వ్యాసాల్లో దిస్క్రెపార్ హుందాగా ఉంటుంది. రూపాలు తేలికే: నేను అయితే దిస్క్రేపో, మేము అయితే దిస్క్రెపామోస్. దిసెంతీర్ అన్నా దాదాపు ఇదే అర్థం కానీ, దిసియెంతో, దిసింతియో అని మధ్యలో అచ్చులు మారిపోతాయి. మొదట్లో దాని జోలికి వెళ్లకండి.

అసలు చిక్కు విభక్తి దగ్గర వస్తుంది. మనం ‘మీ అభిప్రాయంతో విభేదిస్తున్నాను’ అంటాం కాబట్టి, ‘తో’కు సరిపోయే ‘కోన్’ వెంటనే నోటికి వస్తుంది. మనిషి పేరు ముందు అది చెల్లుతుంది. అభిప్రాయానికి మాత్రం ‘దె’ వాడండి: ‘దిస్క్రేపో దె ఎసా కొంక్లుసియోన్’, ఆ నిర్ణయంతో నేను విభేదిస్తున్నాను. ఏ విషయంలో అని చెప్పాలంటే ‘ఎన్’: ‘దిస్క్రెపామోస్ ఎన్ ఎల్ ప్రేసియో’, ధర విషయంలో మాకు భేదం ఉంది. ‘మె దిస్క్రేపో’ అనే రూపం లేదు.

నా సలహా ఒకటే. విభేదాన్ని మనిషికి కాక మాటకు తగిలించండి, వెంటనే కారణం చెప్పండి. ‘ఎంతియెందో సు ప్రెఒకుపాసియోన్, పేరో దిస్క్రేపో దె ఎసా కొంక్లుసియోన్: లోస్ దాతోస్ సోన్ దె మార్సో.’ మీ ఆందోళన అర్థమైంది, కానీ ఆ నిర్ణయంతో విభేదిస్తున్నాను, ఆ లెక్కలు మార్చి నెలవి. ఇంకా మెత్తగా చెప్పాలంటే ముందు ‘లమెంతో దిస్క్రెపార్’ అనండి, విభేదిస్తున్నందుకు చింతిస్తున్నానని.

పలికేటప్పుడు ‘దారి’లోని ద, ‘తల’లోని త మన నోట్లో ఉన్నవే. ఇంగ్లీషు అలవాటుతో డ, ట చేయకండి.

లెక్కలు కలవనప్పుడు నామవాచకం దిస్క్రెపాన్సియా పనికొస్తుంది: ‘ఆయ్ ఊనా దిస్క్రెపాన్సియా ఎంత్రె లా ఫక్తూరా ఇ ఎల్ పెదీదో’. బిల్లుకూ ఆర్డరుకూ పొంతన లేదని ఎవరినీ నిందించకుండా చెప్పినట్టవుతుంది.