కారు మనల్ని కాపాడాలంటే మనం ఎలా కూర్చోవాలి

కొత్త కారు ఇంటికి వచ్చిన మర్నాడు మా విజయనగరంలో రెండు పనులు జరుగుతాయి. పైడితల్లి అమ్మవారి గుడి ముందు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించడం మొదటిది. అక్కడినుంచి నేరుగా డెకరేషన్ షాపుకు వెళ్లి బంపరు ముందు ఇనుప గార్డు, సీట్లకు మందపాటి కవర్లు, డాష్‌బోర్డు మీద జిగురుతో అతికే దేవుడి విగ్రహం వేయించుకోవడం రెండోది. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోదానిలో మాత్రం, కంపెనీవారు అమర్చి ఇచ్చిన రక్షణను డబ్బిచ్చి మరీ చెడగొట్టుకునే ప్రమాదం ఉంది. నా మొదటి కారుకు నేనూ ఆ మూడూ వేయించినవాడినే.

కారు దేన్నైనా గుద్దుకున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తక్కినవన్నీ సులువుగా అర్థమవుతాయి. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. ఆ వేగంతో గోడను గుద్దడం సుమారు 11 మీటర్ల ఎత్తునుంచి కింద పడటంతో సమానం. ఉద్దానంలో కొబ్బరిచెట్టు మొవ్వు దాకా ఎక్కినవాడు పట్టు తప్పితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. వేగం 72కు పెరిగితే ఆ ఎత్తు 20 మీటర్లు దాటుతుంది. అయితే పడినవాడి గతి పడిన ఎత్తుతోపాటు, పడింది గచ్చు మీదా గడ్డివాము మీదా అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. గడ్డివాము చేసేదల్లా శరీరం ఆగడానికి మరికాస్త దూరం ఇవ్వడమే. కారులోని రక్షణ ఏర్పాట్లన్నీ ఏదో ఒక రూపంలో ఆ పనే చేస్తాయి.

కారు ముందుభాగం అందుకే నలుగుతుంది. ప్రమాదం తరువాత బానెట్ అప్పడంలా ముడుచుకుపోయిన బండిని చూసి "అంతా డొల్ల రేకు" అనడం మనకు అలవాటు. నిజానికి మనుషులు కూర్చునే గది గట్టిగా, దాని ముందూ వెనకా ఉన్న భాగాలు లెక్కప్రకారం నలిగేలా ఉండాలన్న ఆలోచనను మెర్సిడెస్ బెంజ్ ఇంజనీరు బేలా బారెన్యీ 1950ల తొలినాళ్లలోనే రూపొందించాడు. ఇనుప గార్డు ఈ ఏర్పాటుకు అడ్డు వస్తుంది. దాన్ని బిగించేది నేరుగా చట్రానికి కనుక దెబ్బ నలగవలసిన భాగాన్ని దాటి లోపలికి చేరవచ్చు, ఎయిర్‌బ్యాగును తెరవవలసిన సెన్సారు లెక్క కూడా తప్పవచ్చు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వీటిని నిషేధించింది. కాబట్టి గార్డు ఉన్నవారు మొదట చేయవలసిన పని దాన్ని విప్పించడం.

ముందుభాగం నలగడం వల్ల కారుకు దొరికే సుమారు 60 సెంటీమీటర్ల దూరం బెల్టు పెట్టుకున్నవారికే దక్కుతుంది. బెల్టు లేని మనిషి, కారు ఆగిపోతున్నా తన పాత వేగంతోనే ముందుకు వెళ్లి, అప్పటికే ఆగిన డాష్‌బోర్డుకు తగిలి రెండు మూడు అంగుళాల్లో ఆగుతాడు. ఆ 60 సెంటీమీటర్ల లెక్కనే తీసుకున్నా, 54 కిలోమీటర్ల వేగంలో శరీరం మీద పడే బలం సగటున మన బరువుకు 19 రెట్లు. ఒడిలో కూర్చోబెట్టుకున్న 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 190 కిలోలు, అంటే రెండు వడ్ల బస్తాలకు మించిన బరువు. ఎంత ప్రేమగా పట్టుకున్నా ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు.

మూడుచోట్ల బిగిసే బెల్టును 1959లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ తయారుచేశాడు. బలాన్ని గట్టి ఎముకల మీదికి మళ్లించడం దాని కిటుకు. కాబట్టి కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, తొడలకు ఆనుకుని ఉండాలి. పొట్ట మీద ఉంటే ప్రమాదంలో పేగులు, కాలేయం నలుగుతాయి. గర్భిణులు దాన్ని కడుపు కిందుగా పెట్టుకోవాలి. పై పట్టీ భుజం ఎముక మధ్యనుంచి రొమ్ము మీదుగా దిగాలి. ఎడమ సీటులో కూర్చున్నవారికి అది అచ్చంగా జంధ్యం వేసుకున్నట్టు ఎడమ భుజం మీదినుంచి కుడివైపుకు వస్తుంది, డ్రైవరుకు తద్దినం నాటి ప్రాచీనావీతిలా కుడి భుజం మీదినుంచి దిగుతుంది. మెడకు ఒరుసుకుంటోందని దాన్ని చంక కిందినుంచి తీసుకునేవారున్నారు. అలా చేస్తే భారమంతా పక్కటెముకల మీద పడుతుంది. మెడకు తగిలితే పక్కనున్న స్తంభం మీది మీటను నొక్కి బెల్టు ఎత్తు తగ్గించుకోవాలి. మెలికలు తీసి, బకిల్ పెట్టిన తరువాత పై పట్టీని ఒకసారి పైకి లాగి వదులు లేకుండా చూసుకోవాలి. అలారం మోగకుండా బకిల్‌లో గుచ్చే క్లిప్పు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడు మాత్రమే, బదులు కాదు. అది కనురెప్ప వేసే లోపు, సుమారు 30 నుంచి 50 మిల్లీసెకన్లలో, చిన్నపాటి పేలుడుతో పుట్టిన వాయువుతో ఉబ్బి, వెంటనే వెనకనున్న రంధ్రాలనుంచి గాలి వదిలేస్తూ మెత్తబడుతుంది. పూర్తిగా ఉబ్బిన తరువాత మన తల దానికి తగలాలి. బెల్టు లేకుండా ముందుకు తూలినవారిని అది ఉబ్బుతూ ఉండగానే గుద్దుతుంది. అందుకే డ్రైవరు రొమ్ముకూ స్టీరింగు నడుమనున్న మూతకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే సుమారు జానెడుకు పైగా, ఎడం ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెల దగ్గర ఉండాలి. పక్క సీటువారు డాష్‌బోర్డు మీద కాళ్లు చాపితే మోకాళ్లు వచ్చి ముఖానికే తగులుతాయి.

విగ్రహం సంగతి ఇప్పుడు చెప్పవచ్చు. ఎడమ సీటు ఎదుట డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు గుర్తు ఉన్నచోట ఒక మూత ఉంటుంది. అరసవల్లి సూర్యనారాయణుడినైనా సరే, దాని మీద అతికిస్తే బ్యాగు తెరుచుకునేటప్పుడు ఆ లోహపు బొమ్మ రాయిలా ఎగిరి వస్తుంది. స్వామిని లోపలి అద్దం దగ్గర చిన్న స్టిక్కరుగా పెట్టుకుంటే సరిపోతుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు గుర్తు కుట్టి ఉంటే, ఆ అంచును మూసేసే కవర్లు వేయించకూడదు.

హెడ్‌రెస్టును చాలామంది తలగడ అనుకుంటారు. వెనకనుంచి మరో బండి గుద్దినప్పుడు తల వెనక్కి విరగకుండా ఆపేది అదే. దాని పైఅంచు తల పైభాగం దాకా ఉండేలా ఎత్తాలి.

వెనక సీటు గురించి కాస్త కటువుగానే చెప్పాలి. "వెనక కూర్చున్నాం, మాకెందుకు" అనేవారు తమతోపాటు ముందు సీటువారి ప్రాణానికీ ముప్పు తెస్తారు. బెల్టు లేని వెనకవారి భారమంతా ముందు సీటు వీపు మీద పడుతుంది. ముందు సీటువారికైనా వెనకవారికైనా బెల్టు లేకపోతే చట్టం ప్రకారం జరిమానా వెయ్యి రూపాయలు. చంటిపిల్లలను వెనక సీటులో, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటులో కట్టాలి. ఆ సీటును పనిచేసే ఎయిర్‌బ్యాగు ఎదుట ఎన్నడూ పెట్టకూడదు. పలాసనుంచి తెచ్చే జీడిపప్పు సంచీ, పనసపండు గుద్దుకున్నప్పుడు మన మీదికి ఎగిరి రాకుండా, వెనక అద్దం కింది అర మీద కాకుండా డిక్కీలో అడుగున ఉండాలి.

ఇన్ని ఉన్నా ఒక రకం ప్రమాదానికి ఇవి చాలవు. 2012 నవంబరు 2న కేంద్ర మాజీ మంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు రణస్థలం దగ్గర, ఆయన కారు ట్యాంకరును ఢీకొని మరణించిన సంగతి శ్రీకాకుళం జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. ఆనాటి ప్రమాదం మాట అటుంచి, సాధారణంగా లారీ వెనకభాగం ఎత్తులో ఉంటుంది. కారు దాని కిందికి దూరితే నలగవలసిన భాగానికి ఏమీ తగలదు, దెబ్బ నేరుగా ముందు అద్దానికి, మన తలల ఎత్తుకు వస్తుంది. భోగాపురంనుంచి ఇచ్ఛాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట పక్కన నిలిపిన లారీలను తలచుకుని వేగం తగ్గించడమే ఇక్కడ ఉపాయం. అలా దీపాలు లేకుండా నిలిచిన బండి కనబడితే 1033కు ఫోన్ చేయవచ్చు.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే బ్యాగు తెరుచుకోకపోవచ్చు కనుక వెంటనే చూపించాలి. ఇక పాత కారు కొనేటప్పుడు ప్రతి బెల్టునూ చివరిదాకా బయటికి లాగి చూడండి. మా బావమరిది కారు నరసన్నపేట దాటాక కల్వర్టును గుద్దింది. అతనికి రొమ్ము మీద ఏటవాలుగా కమిలిన చార తప్ప దెబ్బలేదు. షెడ్డులో ఆ బెల్టును లాగి చూస్తే, భుజం దగ్గరి కొక్కెంలోంచి జారినచోట జానెడు మేర నేత కరిగి, ఇస్త్రీ పెట్టె ఎక్కువసేపు పెట్టిన టెరికాటన్ బట్టలా నిగనిగలాడుతోంది. "బాగానే ఉంది కదా బావూ, ఎందుకు మార్చడం" అన్నాడు మెకానిక్. గట్టిగా లాగబడిన బెల్టులో పోగులు సాగిపోయి ఉంటాయి, గుద్దుకున్న క్షణంలో దాన్ని చిన్న పేలుడుతో లాగి బిగించే యంత్రం ఒక్కసారే పనిచేస్తుంది. బెల్టును యంత్రంతో సహా మార్పించి, పాతదాన్ని ఇంకెవరి కారుకూ బిగించకుండా అక్కడే కత్తిరించి వచ్చాం.