ఇంటి పెద్దావిడ జీవితకథ రాయడం ఎలా?

ఇంట్లో పెద్దావిడ కన్నుమూసినప్పుడు, పెద్దకర్మ నాడు ఆమె గురించి నాలుగు మాటలు రాసి చదవాలనో, సంవత్సరీకానికి చిన్న పుస్తకం అచ్చు వేయించి బంధువులకు పంచాలనో చాలా కుటుంబాలు అనుకుంటాయి. తీరా రాయడానికి కూర్చుంటే ‘సహనమూర్తి’, ‘అన్నపూర్ణ’, ‘మమతల పెన్నిధి’ వంటి మాటలతో కాగితం నిండిపోతుంది. పేరు మారిస్తే అదే కాగితం పక్కింటి పెద్దావిడకూ సరిపోతుంది. ఆమె రోజూ ఏం చేసేదో, ఏ విషయంలో తన మాట నెగ్గించుకుందో, ఏ పనిలో ఆమెకు సాటి వచ్చేవారు లేరో చెప్పగలిగితే ఈ విశేషణాల అవసరమే రాదు. విశాఖపట్నంలో జీవితం గడిపిన గృహిణిని దృష్టిలో పెట్టుకొని, ఆ వివరాలను సేకరించి రాసే పద్ధతిని ఇక్కడ చెబుతున్నాను.

రాయడానికి ముందు అడగాలి. కర్మకాండ ముగిసేదాకా బంధువులు వస్తూ పోతూ ఉంటారు. ఆమె తోబుట్టువులు, తోటికోడళ్లు, ఆడపడుచులు మళ్లీ ఇలా ఒక్కచోట దొరకడం కష్టం. తోబుట్టువులతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే పెళ్లికి ముందటి జీవితం కన్నపిల్లలకు కూడా తెలియదు. అత్తవారింటి తొలి సంవత్సరాల సంగతి భర్తకన్నా తోటికోడలికి బాగా తెలిసి ఉంటుంది. “అమ్మమ్మ ఎలాంటి మనిషి?” అని అడిగితే “దేవత లాంటిది నాయనా” అన్న సమాధానం వచ్చి అక్కడితో ఆగిపోతుంది. “చిన్నమ్మమ్మా, మీ ఇద్దరిలో బడి ముందు మానేసిందెవరు? ఎందుకు మానేశారు?” అని అడగండి, కథ దానంతటదే నడుస్తుంది. మాటలను ఫోనులో రికార్డు చేయదలిస్తే ముందుగా అనుమతి అడిగి, ఫ్యాను గాలి తగలని చోట, మాట్లాడేవారికి దగ్గరగా ఫోను పెట్టాలి.

భర్త జీవించి ఉంటే ఆయన విషయంలో తొందర పనికిరాదు. ఆ తరం మగవారిలో చాలామంది భార్యను పేరుపెట్టి పిలిచినవారు కారు. పదిమంది మధ్య కూర్చోబెట్టి ఆమె గురించి చెప్పమంటే తల దించుకొని ఊరుకుంటారు. సాయంత్రం బీచ్ రోడ్డులో ఆయనతో పాటు నడుస్తూనో, పక్కన కూర్చుని కాఫీ తాగుతూనో చిన్న ప్రశ్న ఒకటి వేయండి. “తాతగారూ, జీతం వచ్చిన రోజు ఇంట్లో ఏం జరిగేది?” అన్నదానికి “కవరు తెచ్చి మీ మామ్మ చేతికిచ్చేవాణ్ని, తర్వాత సంగతి నాకు తెలీదు” అని ఆయన అన్నారనుకోండి, ఆ ఒక్క మాటలో వారి కాపురం ఎలా సాగిందో చాలావరకు తెలిసిపోతుంది. ఆ డబ్బు తరువాత ఏమయ్యేదో పెద్దకూతురిని అడగాలి.

తేదీల దగ్గర జాగ్రత్త అవసరం. ఆధార్‌లోనో పెన్షన్ కాగితాల్లోనో పుట్టినరోజు జనవరి 1 అనో జూలై 1 అనో ఉంటే అది ఎవరో అంచనాగా వేసిన తేదీ కావచ్చు. పెద్దవాళ్లు సంవత్సరాలను సంఘటనలతో గుర్తుపెట్టుకుంటారు కనుక మనమూ ఆ దారినే పట్టాలి. విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. అది చిత్రభాను సంవత్సరం. ఊరు ఖాళీ చేసి పల్లెలకు వెళ్లిపోయిన ఆ రోజుల్లో ఆమె చంకబిడ్డా, లేక అప్పటికి పుట్టనే లేదా? ఉక్కు ఉద్యమం ఉధృతమైన 1966, విశాఖ తీరం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన 1971 డిసెంబరు కూడా ఇలాగే పనికొస్తాయి. “ఉక్కు గొడవల నాటికి పెద్దోడు కడుపులో ఉన్నాడు” అని ఒకరంటే కొడుకు వయసును బట్టి ఆ మాటను సరిచూసుకోవచ్చు. నెల తేలకపోతే, మార్గశిర గురువారాలకు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లడానికి ముందా తరువాతా, సింహాచలం చందనోత్సవానికి ఇంట్లో చుట్టాలు ఉన్నప్పుడా అని అడిగి చూడండి.

పుట్టిన ఊరిని రాసేటప్పుడు జిల్లా పేరు తికమక పెడుతుంది. విశాఖపట్నం జిల్లా నుంచి 1950లో శ్రీకాకుళం విడిపోయింది. 1979లో ఆ రెండు జిల్లాల భాగాలతో విజయనగరం ఏర్పడింది. 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరయ్యాయి. అందుచేత పాత కాగితంలోని జిల్లాతో పాటు ఇప్పటి జిల్లానూ రాయాలి. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన పల్లెల్లో ఆమె పుట్టిందంటే ఆ ఊరు ఇప్పుడు నేల మీద కనిపించకపోవచ్చు. అక్కడి గుడి, చెరువు, వీధుల పేర్లను గుర్తున్నవారి నోట విని ఇప్పుడే రాసుకోవాలి. ఇంటిపేర్లు రెండూ ఉండాలి. పుట్టింటి పేరు లేని జీవితకథ పెళ్లిపీటల మీద మొదలైనట్టు ఉంటుంది, అది ఆమెకు అన్యాయం.

ఇక కాగితాలు, ఫొటోలు. సముద్రపు తేమ ఉన్న ఊరు కనుక పాత ఫొటోలు ఫ్రేము అద్దానికి అతుక్కుపోవడం ఇక్కడ మామూలే. ఊడదీయబోతే ముఖం మీది పొర అద్దంతో పాటు లేచి వస్తుంది. అద్దం తీయకుండానే, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పెట్టి, వెలుగు తిరిగి కంట్లో కొట్టని కోణం చూసుకొని ఫొటో తీయాలి. విడిగా ఉన్నవాటిని 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల స్పష్టత) దగ్గర స్కాన్ చేయించి, వెనుకవైపునూ తీయించండి. స్టూడియో ముద్ర, పెన్సిలు రాత అక్కడే ఉంటాయి. వంటింటి అలమరలో పద్దుల పుస్తకం దొరికితే అంతకు మించిన ఆధారం మరొకటి లేదని నా అభిప్రాయం. పాలవాడి లెక్క, చీటీ వాయిదా, పిల్లల ఫీజు, ఆడపడుచుకు పెట్టిన చీర ఖరీదు అన్నీ ఆమె చేతిరాతలో ఉన్న ఒక నెల పేజీని ఉన్నదున్నట్టుగా పుస్తకంలో వేయండి.

రాసేటప్పుడు ప్రతి ప్రశంస కింద ఏముందో చూసుకోవాలి. ‘అమ్మమ్మ తాతగారిని కంటికి రెప్పలా చూసుకుంది’ అన్నది మొదటి చిత్తులో ఉండనివ్వండి, తరువాత దాన్ని కొట్టేసి జరిగింది రాయండి. ‘తాతగారికి షిప్‌యార్డులో రాత్రి షిఫ్టు పడిన వారాల్లో అమ్మమ్మ పొద్దున్నే పిల్లల్ని వీధి అరుగు మీదికి తోలి, పాత చీర మడతపెట్టి కిటికీకి కట్టి, మధ్యాహ్నం రెండు దాకా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కానిచ్చేది కాదు, రోట్లో రుబ్బాల్సింది ఉంటే పక్కింటికి పట్టుకెళ్లేది.’ ఆమె భక్తి, ఓర్పు, పెత్తనం మూడూ ఆ వాక్యాల్లోనే ఉన్నాయి. మనవల కోసం అందరికీ తెలిసిన ఒక సందర్భాన్ని తీసుకోవడం మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక కరెంటూ నీళ్లూ లేని రోజుల్లో ఆమె బిందెలోని నీళ్లను ఎవరికెంతని పంచిందో, ఫ్రిజ్‌లో ఉన్నది ముందుగా ఏది వండేసిందో ఒక్కొక్క మనవణ్నీ అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. వాటిని కలిపితే ఒక మంచి అధ్యాయం అవుతుంది.

చివరి జబ్బుకు, ఆసుపత్రి రోజులకు ఒకటి రెండు వాక్యాలు చాలు. ఆస్తి తగవులు ఇందులోకి రానివ్వకూడదు. అయితే ఆమె కోపం, పంతం, ఎవరితోనో ఏళ్ల తరబడి మాట్లాడకపోవడం వంటివన్నీ తుడిచేస్తే మిగిలేది పటంలోని బొమ్మే. సంబంధించినవారు ఒప్పుకుంటే వాటిని మర్యాదగా చెప్పవచ్చు. మనవరాలు ‘చేసేది’ అని, అల్లుడు ‘చేసేవారు’ అని రాసి ఇచ్చినవాటిని ఒకే వ్యాసంగా కలిపేటప్పుడు ఏదో ఒక పద్ధతికే కట్టుబడాలి. పెద్దకర్మ నాడు చదవడానికి రెండు ఫుల్‌స్కేపు పేజీలు మించనివ్వకండి. భోజనాల వేళ దగ్గరపడ్డాక ఎవరూ వినరు. వాట్సాప్‌లో పంపే ప్రతిలో ఇంటి చిరునామా, ఫోను నంబర్లు లేకుండా చూసుకోవాలి.

చదవడానికి ముందు ఆ ప్రతిని ఆమె తోబుట్టువుల్లో ఒకరికి చదివి వినిపించండి. పంచే జెరాక్స్ ప్రతుల్లో కుడివైపు వెడల్పుగా అంచు వదిలి, తప్పులూ మరిచినవీ అక్కడ రాసి ఆరు నెలల్లోగా తిరిగి ఇమ్మని పెద్దవాళ్లను కోరండి. సంవత్సరీకం పుస్తకాన్ని ఆ సవరణలతో అచ్చుకు ఇచ్చి, ఆమె పుట్టింటివారికీ ఒక ప్రతి పంపాలి.