ఎగువ ఊరు, దిగువ ఊరు: అమ్మానాన్నలతో క్యూబెక్ సిటీలో నాలుగు రోజులు

క్యూబెక్ సిటీకి బయలుదేరాలనుకునేవారు ముందు ఒక కాగితం తీసుకుని మధ్యలో అడ్డంగా గీత గీయండి. ఈ ఊరు కెనడాలో సెయింట్ లారెన్స్ నది ఒడ్డున నిటారుగా లేచిన కొండ మీద కొంత, దాని పాదాల దగ్గర కొంత ఉంది. కోట, క్యూబెక్ రాష్ట్ర పార్లమెంటు, పెద్ద చర్చి ఎగువ ఊళ్లో ఉన్నాయి. పాత రేవు, రాతి ఇళ్ల వీధులు దిగువ ఊళ్లో ఉన్నాయి. చూడాలనుకున్న ప్రతి చోటునూ గీతకు పైనో కిందో రాసుకోండి. పటంలో పక్కపక్కనే కనిపించే రెండు చోట్ల మధ్య యాభై అరవై మీటర్ల ఎత్తు ఉండవచ్చు. ఒక రోజులో గీతను ఒక్కసారే దాటాలి. వయసు పైబడినవారు వెంట ఉంటే ఈ ఒక్క నియమమే మిగతా అన్నింటికంటే ఎక్కువ పనికొస్తుంది.

రెండేళ్ల క్రితం సెప్టెంబరు చివరి వారంలో మా అమ్మానాన్నలను తీసుకుని వెళ్లాం. మేముండేది టొరంటో పక్కన మిస్సిసాగాలో. వాళ్లు బందరు నుంచి వచ్చారు. నాన్న చరిత్ర మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఫలకం కనిపిస్తే చివరి అక్షరం దాకా చదవందే కదలరు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. గుడ్డు కూడా ముట్టని శాకాహారి. వీళ్లిద్దరికీ సరిపడేలా వేసిన ప్రణాళిక ఇది.

కాలం సంగతి. జులై, ఆగస్టుల్లో ఎండ బాగుంటుంది, జనమూ ఎక్కువే. ఫిబ్రవరిలో జరిగే మంచు ఉత్సవం అందమైనదే కానీ సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయే చలిలో పెద్దవాళ్లను నడిపించలేం. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. పల్చని స్వెట్టరుతో రోజంతా తిరగవచ్చు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, పెద్ద పెద్ద విహార నౌకలు ఎక్కువగా వచ్చేది కూడా అప్పుడే. ఓడ ఆగిన రోజు పది దాటితే దిగువ ఊరి సందుల్లో అడుగు పెట్టడానికి చోటుండదు. అందుకే దిగువ ఊరికి ఎనిమిదింటికల్లా చేరండి.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా సందర్శక వీసా కావాలి. అమెరికాలో హెచ్-1బి మీద ఉంటున్నవారికీ అంతే. అక్కడి గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రం వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట ఉంటే చాలు. వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకోగలిగే గదులే తీసుకోండి.

టొరంటో నుంచి దూరం సుమారు 800 కిలోమీటర్లు. ఒకే రోజు లాగించవద్దు. మేము మాంట్రియల్‌లో ఒక రాత్రి ఆగాం. అక్కడి నుంచి మిగిలింది 250 కిలోమీటర్లే. రైలు కూడా మంచి దారే, మాంట్రియల్ నుంచి మూడు గంటల పైచిలుకు పడుతుంది. దిగే స్టేషను దిగువ ఊళ్లో ఉంది. 1915లో కట్టిన ఆ భవనం రాజుల కాలం నాటి మేడలా ఉంటుంది.

బస ఎక్కడ? ప్రాకారం లోపలి హోటళ్లు ఖరీదు. సాఁ రోక్ పేటలో చవకగా దొరుకుతాయి కానీ ఆ పేట కొండ కింద ఉంది. పైకి లిఫ్టు ఉన్నా, రోజంతా తిరిగి అలసిన కాళ్లకు అదొక అదనపు మజిలీ. ప్రాకారం బయట, ఎగువ ఊళ్లోనే ఉన్న సాఁ జాఁ బాతీస్త్ పేట నాకు నచ్చింది. కోట గుమ్మం దాకా దారి పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా ఉంటుంది. వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి. కుక్కరు, ఒక కిలో బియ్యం, ఆవకాయ సీసా కారులో పెట్టుకుంటే రాత్రి భోజనం బెంగ తీరిపోతుంది.

కారులో వెళ్లేవారు పార్కింగ్ బోర్డులు చదవడం ముందే నేర్చుకోవాలి. అవన్నీ ఫ్రెంచిలోనే ఉంటాయి. ఆకుపచ్చ వలయంలో ‘పి’ ఉంటే ఆపవచ్చు. ఎర్ర వలయంలో ‘పి’ మీద అడ్డగీత ఉంటే ఆపకూడదు. వేళలు ఇరవై నాలుగు గంటల లెక్కలో ఉంటాయి. మొదటి రోజు మా వారు బోర్డు మీద ‘ఎం ఎ ఆర్’ అన్న మూడక్షరాలు చూసి మార్చి నెల అనుకుని కారు ఆపేశారు. అది మార్దీ, అంటే మంగళవారం. ఆ రోజు మంగళవారమే. తిరిగి వచ్చేసరికి వైపర్ కింద జరిమానా చీటీ ఉంది. మీరు ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి: ‘ఎస్ ఎ యు ఎఫ్’ అని ఉంటే ‘సోఫ్’ అని చదవాలి, ‘తప్ప’ అని అర్థం. దాని తర్వాత ఉన్న మాట అర్థం కాకపోతే అక్కడ ఆపవద్దు. రెండో రోజు నుంచి కారును డబ్బు కట్టే పార్కింగులో వదిలేసి నడిచాం.

చేరిన సాయంత్రం ఏ పనీ పెట్టుకోకండి. దుఫ్రాఁ టెర్రస్ అనే పొడవాటి చెక్క నడవా మీదికి వెళ్లి కూర్చోండి, అంతే. వెనక 1893లో రైల్వే కంపెనీ కట్టించిన షాతో ఫ్రోంతెనాక్ హోటలు, ఎదురుగా నది ఉంటాయి. కెబెక్ అన్నది అల్గాంక్విన్ ఆదివాసుల మాట. నది ఇరుకయ్యే చోటు అని అర్థం. అక్కడ కూర్చుంటే ఆ ఇరుకు కళ్లెదుటే కనిపిస్తుంది. ఫ్రెంచివాడైన సామ్యుయెల్ ద షాంప్లైన్ 1608లో ఈ చోటు ఎందుకు ఎంచుకున్నాడో అమ్మకు నాన్న చేతులు చాచి చూపించారు: ఈ గొంతు దగ్గర కాపు కాస్తే లోపలి దేశమంతటికీ తాళం వేసినట్టే.

మొదటి పూర్తి రోజు ఎగువ ఊరికి ఇవ్వండి. ఉదయం పార్లమెంటుతో మొదలుపెట్టండి. లోపల ఉచితంగా తిప్పి చూపిస్తారు. భవనం ముఖం నిండా కంచు విగ్రహాలున్నాయి. ద్వారం పైన ‘జ మ సువియాఁ’ అని ఉంటుంది, ‘నాకు గుర్తుంది’ అని. ఈ రాష్ట్రంలోని కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా అదే మాట. అక్కడి నుంచి సాఁ లూయీ గుమ్మం నాలుగడుగులు. పాత ఊరి చుట్టూ ప్రాకారం సుమారు 4.6 కిలోమీటర్లు ఉంది. మెక్సికోకు ఉత్తరాన ఇలా కోటగోడలు నిలిచి ఉన్న నగరం ఇదొక్కటే. 1985లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోడ మీద మొత్తం నడవక్కర్లేదు, ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మం దాకా చాలు. తర్వాత సిటడెల్, నక్షత్రం ఆకారంలో బ్రిటిష్ వారు కట్టిన కోట. ఇప్పటికీ అందులో సైన్యం ఉంటుంది. వేసవిలో వెళ్తే ఉదయం పది గంటలకు కాపలా మారే కవాతు చూడవచ్చు. మేము వెళ్లేసరికి ఆ కాలం అయిపోయింది.

మధ్యాహ్నం ఏబ్రహాం మైదానానికి వెళ్లండి. పైకి చూస్తే పచ్చిక బయలే. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు. 1759 సెప్టెంబరు 13న ఇక్కడ ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు తలపడ్డాయి. గంట కూడా పట్టలేదు. ఇంగ్లీషు సేనాని వుల్ఫ్ అక్కడే పోయాడు, ఫ్రెంచి సేనాని మోంకాల్మ్ మర్నాడు పోయాడు. ఫలకం చదివి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, “అదే ఏడు ఏప్రిల్లో మన బందరు కోట పోయింది, అమ్మాయీ.” నిజమే. అంతకు ముందు డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్, 1759 ఏప్రిల్‌లో బందరు కోటను వాళ్ల చేతిలోంచి లాక్కున్నాడు. యుద్ధం ఒకటే, శత్రువులూ వాళ్లే, మధ్యలో అయిదు నెలలు. 1763 సంధిలో ఫ్రెంచివాళ్లు కెనడాను వదులుకున్నారు. మన యానాం లాంటి వర్తక స్థావరాలను మాత్రం తిరిగి తీసుకున్నారు. యానాంలో 1954 దాకా వాళ్ల పాలన సాగింది. ఇక్కడ పాలన పోయి రెండున్నర శతాబ్దాలు దాటినా, ఆ మైదానంలో బంతి కోసం పరిగెత్తే పిల్లలు ఫ్రెంచిలోనే కేకలు వేసుకుంటున్నారు. తెలుగువాళ్లు, అందులోనూ కృష్ణా గోదావరి తీరాలవాళ్లు, ఈ మైదానానికి ఒక గంట కేటాయించాలని నా కోరిక.

మైదానం నుంచి టెర్రస్‌కు కొండ అంచునే గవర్నర్ల నడక దారి అని ఒకటుంది. మూడు వందల పైచిలుకు మెట్లు. పైనుంచి కిందికే కదా అని పెద్దవాళ్లను దించకండి. నొప్పి ఉన్న మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. అమ్మను మా వారితో టాక్సీలో పంపించి నేనూ నాన్నా దిగాం. టెర్రస్ పక్క తోటలో ఒక రాతి స్తంభం ఉంది, తప్పక చూడండి. వుల్ఫ్‌కూ మోంకాల్మ్‌కూ కలిపి 1820లలో నిలిపిన స్మారకం అది. రాసింది లాటిన్‌లో: పరాక్రమం వీరికి ఒకే మరణాన్ని, చరిత్ర ఒకే కీర్తిని, తరువాతి తరం ఈ స్తంభాన్ని ఇచ్చాయని. ఓడినవాడి పేరు కూడా గెలిచినవాడి పేరుతో సమానంగా చెక్కిన రాయి తన జీవితంలో ఇంకెక్కడా చూడలేదని నాన్న అన్నారు.

రెండో రోజు దిగువ ఊరు. కిందికి రెండు దారులు: 59 మెట్ల కాస్ కూ మెట్లదారి, 1879 నుంచి ఉన్న ఫ్యునిక్యులర్ (ఏటవాలు పట్టాల మీద తాడుతో లాగే పెట్టె). మెట్లదారి పేరుకే మెడ విరిచేది అని అర్థం, కాబట్టి అమ్మతో ఫ్యునిక్యులర్‌లోనే దిగాం. కింద ఆగేది లూయీ జొల్యే ఇంట్లో. మిసిసిపీ నదిని వెతుక్కుంటూ వెళ్లిన యాత్రికుడతను. ఇల్లు 1683 నాటిది. బయటికి అడుగు పెడితే పెటీ షాంప్లైన్ వీధి. రెండు మలుపులు దాటితే ప్లాస్ రోయల్ చౌకు, షాంప్లైన్ మొదటి స్థావరం ఉన్న చోటు. చౌకులోని చిన్న రాతి చర్చి తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్లి తల పైకెత్తండి. కప్పు నుంచి ఒక బొమ్మ ఓడ వేలాడుతుంటుంది. చర్చి పేరు నోత్రదామ్ దే విక్తువార్, అందులోని ‘విజయాలు’ 1690లోనూ 1711లోనూ ఇంగ్లీషు దండయాత్రలు విఫలమైనందుకు. 1759 ఫిరంగి గుండ్లకు ఆ చర్చే కూలి, మళ్లీ లేచింది. మధ్యాహ్నం కాళ్లకు విశ్రాంతి కావాలంటే దగ్గర్లోని నాగరికతా మ్యూజియంలో కూర్చోవడానికి బల్లలున్నాయి.

మూడో రోజుకు కారు కావాలి. మోంమొరాన్సీ జలపాతం 83 మీటర్లు, నయాగరా కంటే సుమారు 30 మీటర్లు ఎక్కువ ఎత్తు. పక్కన 487 మెట్లున్నాయి, వాటి జోలికి పోకుండా కేబుల్ కారులో పైకి వెళ్లి వేలాడే వంతెన మీద నిలబడండి. కారు లేకపోతే 800 నంబరు సిటీ బస్సు అటే వెళ్తుంది. ఎదురుగానే వంతెన దాటితే ఓర్లేయాఁ దీవి. చుట్టూ తిరిగే రోడ్డు 67 కిలోమీటర్లు. తోటలో మేమే చెట్ల నుంచి కోసుకున్న ఆపిల్ పండ్లు ఇంటికి చేరేదాకా కారంతా వాసన వచ్చాయి.

తిండి విషయంలో జాగ్రత్త చెప్పాలి. ఒక హోటల్లో పసుపు బఠాణీల సూపు తెచ్చారు. అచ్చం మన ముద్దపప్పు రంగు. అమ్మ ముఖం వెలిగింది. చెంచాతో అడుగు కలిపేసరికి గులాబీ రంగు పంది మాంసం ముక్కలు తేలాయి. అమ్మ చెంచా మెల్లగా పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి లేచింది. ఆ తప్పు నాది, అడగకుండా తెప్పించాను. ఇక్కడ బఠాణీ సూపులోనూ, ఉదయం పూట ఇచ్చే చిక్కుడు గింజల కూరలోనూ పంది మాంసం వేయడం మామూలు. పూటీన్‌లో బంగాళాదుంపల మీద పోసే గ్రేవీ కూడా సాధారణంగా మాంసం రసమే. ‘సాఁ వియాండ్’ (మాంసం లేకుండా) అంటే సరిపోదు, ‘సాఁ బుయోఁ ద పులే’ (కోడి రసం లేకుండా) అని కూడా అనండి. క్రేప్ (దోసె లాంటి పల్చని అట్టు) దుకాణాల్లో గుడ్డు లేని పిండి దొరకడం కష్టం. గుడ్డు తినేవారికైతే అవి చక్కని ఆధారం. ఇంకొకటి, ఇక్కడ దెజునే అంటే ఉదయం ఫలహారం, దీనే మధ్యాహ్న భోజనం, సూపే రాత్రిది. ఫ్రాన్స్ పుస్తకంలో నేర్చుకుని వస్తే వేళలు తప్పుతాయి.

ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు బోంజూర్ అనండి, తర్వాతే ఇంగ్లీషు. నాన్న ప్రతిచోటా చేతులు జోడించి బోంజూర్ అనేవారు. ప్రతిచోటా నవ్వుతూ బదులిచ్చారు.

చివరి సాయంత్రానికి అవతలి ఒడ్డున ఉన్న లెవీ ఊరికి వెళ్లే పడవను ఉంచుకోండి. నది దాటడానికి పన్నెండు నిమిషాలు. చీకటి పడే వేళకు అవతలి ఒడ్డుకు చేరి, వెనక్కి వచ్చేటప్పుడు పై డెక్కు మీద నిలబడండి. ఎగువ ఊరి దీపాలు, దిగువ ఊరి దీపాలు, మధ్యలో నల్లటి కొండ. అంతా ఒకేసారి కళ్లకు అందుతుంది. నది గాలి కోస్తుంది, స్వెట్టరు చేతిలో ఉంచుకోండి. అమ్మ తన శాలువాను నాన్నకు కప్పింది.